ఎవరి చందా, ఎవరి బిడ్డ? కోయంబత్తూరు, మదురై తెలుగు ఇళ్ళ వైద్య ఖర్చుల చరిత్ర

ఇది కొంచెం పెద్ద రాత. ఆదివారం తీరిగ్గా చదవండి, ఇంట్లో తెలుగు లిపి రాని పిల్లలకు చదివి వినిపించండి.

మన సంఘంలో వైద్య సహాయ నిధి మాట ఎప్పుడు వచ్చినా రెండు ప్రశ్నల దగ్గర ఆగిపోతున్నాం. డబ్బు ఎవరు కట్టవచ్చు? కట్టినవారి పిల్లల్లో ఎవరిని, ఎన్నేళ్ళ దాకా, మన మీద ఆధారపడినవారిగా లెక్కపెట్టాలి? కొందరు 18 ఏళ్ళు చాలంటారు. కొందరు చదువు అయ్యేదాకా అంటారు. పెళ్ళికాని కూతురి సంగతేమిటని అక్కలు అడుగుతారు. పెళ్ళే లేని కుర్రవాడు నలుగురు పిల్లల తండ్రితో సమానంగా ఎందుకు కట్టాలని ఇంకొకరు అడుగుతారు. గొంతులు పెరుగుతాయి, కాఫీ వస్తుంది, విషయం వచ్చే సమావేశానికి వాయిదా పడుతుంది.

ఈ ప్రశ్నలు మనతో మొదలైనవి కావు. మన ఊళ్ళలోనే వీటికి నాలుగైదు రకాల జవాబులు పుట్టాయి. ఒక్కొక్క జవాబు కొన్ని ఇళ్ళను ఆదుకుంది, కొన్ని ఇళ్ళను బయట నిలబెట్టింది. మనం నియమాలు రాసుకునే ముందు ఆ జవాబులు తెలుసుకోవడం మంచిదని ఇది రాస్తున్నాం.

ఒకే పొయ్యి ఉన్న రోజులు

మన పూర్వీకులు విజయనగర కాలంలోనూ, ఆ తర్వాత మదురై నాయకుల కాలంలోనూ దక్షిణానికి వచ్చారు. మదురైలో నాయకుల పాలన 1529లో విశ్వనాథ నాయకుడితో మొదలై 1736 దాకా సాగింది. కొందరు సైన్యంతో వచ్చారు, కొందరు మగ్గంతో వచ్చారు, కొందరు పత్తి పండే నల్లరేగడి నేల వెతుక్కుంటూ వచ్చారు. ఎవరు ఎలా వచ్చినా, ఇంట్లో జబ్బు చేస్తే దిక్కు ఉమ్మడి కుటుంబమే. ధాన్యం, పశువులు, ఆడవాళ్ళ ఒంటి మీద బంగారం, ఇవే ఆనాటి వైద్య పొదుపు.

ఆ లెక్కలో బిడ్డ వయసు ఎవరూ అడగలేదు. ఒకే పొయ్యి మీద వండుకుని తిన్నంత కాలం అందరూ ఇంటివాళ్ళే. అది దాని బలం. పొయ్యి వేరుపడిన రోజున లెక్క కూడా వేరుపడేది. పెళ్ళయి వెళ్ళిన కూతురు, భర్త పోయి తిరిగొచ్చిన అక్క, పంపకాల్లో నష్టపోయిన తమ్ముడి పిల్లలు, వీళ్ళ వైద్యం హక్కుగా జరిగేది కాదు, పెద్దవాళ్ళ దయ మీద జరిగేది. అడగడానికి కాగితం లేదు.

ఇంటి బయటివాళ్ళకు ధర్మం ఉండేది. 17వ శతాబ్దం చివర మదురైని పాలించిన రాణి మంగమ్మాళ్ బాటలు వేయించి, సత్రాలు కట్టించిన సంగతి మనకు తెలిసిందే. సత్రంలో అన్నం పెట్టేముందు నువ్వు ఎవరి బిడ్డవని అడగరు. అయితే సత్రం ఒక పూటకు, మహా అయితే నాలుగు రోజులకు. ఏళ్ళ తరబడి మందులు కావలసిన బిడ్డకు అది సరిపోదు.

మిల్లు కూత, ఐదో వాటా

కోయంబత్తూరులో 1888లో రాబర్ట్ స్టేన్స్ స్పిన్నింగ్ మిల్లు పెట్టాడు. మనవాళ్ళలో జి. కుప్పుస్వామి నాయుడు 1910లో లక్ష్మీ మిల్స్ స్థాపించారు. 1930ల మొదట్లో నీలగిరి కొండల్లోని పైకారా నుంచి కరెంటు వచ్చాక మిల్లులు వరసగా లేచాయి. పీలమేడు, పాపనాయకన్‌పాళయం, సింగానల్లూరు చుట్టూ పత్తి చేలు తగ్గి, షిఫ్టు కూతలు పెరిగాయి. తెలుగు ఇళ్ళలో మిల్లు యజమానులూ ఉన్నారు, ఆ మిల్లుకే పత్తి అమ్మిన రైతులూ ఉన్నారు, రాత్రి షిఫ్టుకు వెళ్ళిన కార్మికులూ ఉన్నారు.

షిఫ్టు జీతంతో ఉమ్మడి పొయ్యి నిలవలేదు. ఊరు వదిలి వచ్చిన కార్మికుడు పట్నంలో ఒక గదిలో భార్యాపిల్లలతో ఉండేవాడు. బిడ్డకు జ్వరం వస్తే అమ్మడానికి ధాన్యం లేదు, అడగడానికి పెదనాన్న పక్కన లేడు. చేతిలో ఉన్నది కూలి డబ్బు ఒక్కటే. పనికి వెళ్ళకపోతే అదీ లేదు.

ఇక్కడ పెద్దలు ధర్మాన్ని కొత్త రూపంలో పెట్టారు. పీలమేడులో పి.ఎస్. గోవిందస్వామి నాయుడి నలుగురు కొడుకులు ఆస్తిని పంచుకునేటప్పుడు నాలుగు కాదు, ఐదు వాటాలు వేశారు. ఐదో వాటా ధర్మానికి. 1926లో మొదలైన పి.ఎస్.జి. అండ్ సన్స్ ఛారిటీస్‌కు మూలం అదే. ఆ ఇంట్లో ధర్మాన్ని ఐదో బిడ్డగా లెక్కపెట్టారని మన పెద్దలు చెప్పేవారు. ఆ వాటా నుంచే పాఠశాలలు, కళాశాలలు, తర్వాత 1980లలో వైద్య కళాశాల, ఆసుపత్రి వచ్చాయి. పాపనాయకన్‌పాళయంలో కుప్పుస్వామి నాయుడి పేరున 1952లో ఆసుపత్రి మొదలైంది. మనలో ఎన్ని ఇళ్ళ పిల్లలు అక్కడ పుట్టారో లెక్కలేదు.

ధర్మం గొప్పది. ఆ పేర్లు చెప్పుకుని మనం గర్వపడటం న్యాయమే. అయినా ధర్మంలో ఇచ్చేవారు ఎంత, ఎవరికి అన్నది తామే నిర్ణయిస్తారు. పుచ్చుకునేవారు దణ్ణం పెట్టాలి. కార్మికుడి బిడ్డకు వైద్యం హక్కుగా దొరకాలంటే ఇంకొక దారి కావాలి. అది చందా దారి.

1955 జనవరి 23

ఆ దారి ఢిల్లీలో మొదలైంది. 1943లో అప్పటి ప్రభుత్వం ప్రొఫెసర్ బి.పి. అదార్కర్‌ను పరిశ్రమ కార్మికుల ఆరోగ్య బీమాకు పథకం రాయమంది. ఆయన 1944లో నివేదిక ఇచ్చారు. స్వాతంత్ర్యం వచ్చాక 1948 ఏప్రిల్‌లో ఉద్యోగుల రాజ్య బీమా చట్టం వచ్చింది. మనం ఇ.ఎస్.ఐ. అంటున్నది దీన్నే. 1952 ఫిబ్రవరి 24న నెహ్రూ కాన్పూరులో దీన్ని ప్రారంభించారు. అదే రోజు ఢిల్లీలోనూ మొదలైంది. మద్రాసు రాష్ట్రంలో మొట్టమొదట అమలైన ఊరు మద్రాసు కాదు, మన కోయంబత్తూరు. తేదీ 1955 జనవరి 23.

ఎందుకు ఇక్కడ? అన్ని మిల్లులు, అంతమంది కార్మికులు ఒకేచోట ఉన్న ఊరు ఇది. పథకం మాత్రం ఊహించినంత తేలికగా అందరికీ అందలేదు. రెండు గీతలు గీశారు.

మొదటి గీత, ఎవరు కట్టవచ్చు అన్నది. నెలకు 400 రూపాయలకు మించి జీతం ఉన్నవారు 1948 చట్టం ప్రకారం బయటే. కరెంటుతో నడిచే, 20 మంది పైబడి పనిచేసే కర్మాగారాలకే చట్టం వర్తించింది. అంటే పెద్ద మిల్లులో నూలు వడికేవాడు లోపల, పక్క వీధిలో ఎనిమిది మందితో పంపు విడిభాగాలు పోతపోసే పట్టడై పనివాడు బయట. మగ్గం మీద కూర్చున్న దేవాంగ నేతగాడు కూడా బయటే. పంపులు, మోటార్లు, వెట్ గ్రైండర్లు చేసే చిన్న పట్టడైలే కోయంబత్తూరు ప్రాణం కాబట్టి, ఈ గీత మన ఊరిని సగానికి కోసినట్టయింది. 1989 సవరణలో కరెంటు వాడే కర్మాగారాలకు ఆ సంఖ్యను 10కి తగ్గించారు. 2010లో కరెంటు ఉన్నా లేకపోయినా 10 మంది చాలన్నారు. ఆ 10 దాటని చోట్ల పనిచేసిన మన తాతలు, తండ్రులు ఆ ఏళ్ళన్నీ బయటే ఉన్నారు.

రెండో గీత, ఎవరి బిడ్డ అన్నది. చట్టం ముందుగా చూసింది కార్మికుణ్ణే. వైద్యాన్ని కుటుంబానికి కూడా విస్తరించవచ్చని ఒక సెక్షన్ పెట్టారు, తప్పనిసరి చేయలేదు. రాష్ట్ర ప్రభుత్వం అడగాలి, కార్పొరేషన్ ఒప్పుకోవాలి. తొలి ఏళ్ళలో చందా కట్టిన తండ్రికి డిస్పెన్సరీలో మందు దొరికేది, జ్వరంతో ఉన్న బిడ్డకు దొరికేది కాదు. తర్వాత ఆ తలుపు కుటుంబాలకూ తెరుచుకుంది. ఈ రోజు ఇ.ఎస్.ఐ. డిస్పెన్సరీ ముందు వరసలో పిల్లలను ఎత్తుకుని నిలబడిన తల్లులను చూస్తే, మొదట్లో వాళ్ళకు చోటు లేదని ఎవరూ నమ్మరు.

ఇప్పుడు ఎవరు బిడ్డ?

ఇవాళ ఇ.ఎస్.ఐ. లెక్క ఇలా ఉంది. 2017 జనవరి నుంచి నెల జీతం 21,000 రూపాయల లోపు ఉన్నవారు, వికలాంగులైతే 25,000 లోపు ఉన్నవారు అర్హులు. 2019 జులై నుంచి ఉద్యోగి చందా జీతంలో 0.75 శాతం, యజమాని చందా 3.25 శాతం. 18,000 జీతమైతే ఉద్యోగి చేతి నుంచి 135 రూపాయలు, యజమాని నుంచి 585, మొత్తం 720. రోజుకూలి సగటున 176 రూపాయల లోపు ఉన్నవారు తమ వాటా కట్టనక్కరలేదు, యజమాని తన వాటా కట్టాలి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి, ఇవి రెండు చందా కాలాలు. కాలం మధ్యలో జీతం 21,000 దాటినా ఆ కాలం ముగిసేదాకా చందా కట్టాలి, అర్హత పోదు.

పిల్లల విషయంలో చట్టం నాలుగు మాటలు చెబుతుంది. మైనరు బిడ్డ, కన్నబిడ్డ అయినా దత్తత బిడ్డ అయినా, లెక్కలో ఉంటాడు. పూర్తిగా తల్లిదండ్రుల సంపాదన మీదే ఆధారపడి చదువుకుంటున్న బిడ్డకు 21 ఏళ్ళు నిండేదాకా ఉంటుంది. అలాగే ఆధారపడిన పెళ్ళికాని కూతురికి వయసు హద్దు లేదు. శరీరానికో మనసుకో లోపం ఉండి పూర్తిగా ఆధారపడిన బిడ్డకు ఆ లోపం ఉన్నంతకాలం ఉంటుంది. వీరితోపాటు ఆధారపడిన తల్లిదండ్రులు ఉంటారు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సాంఘిక భద్రతా కోడ్, ఉద్యోగిని అయితే ఆమె అత్తమామలను కూడా చేర్చింది.

ఇందులో ఎవరు జారిపోతారో చూడండి. 19 ఏళ్ళకు చదువు ఆపేసి ఇంకా పని దొరకని కొడుకు జారిపోతాడు. 22 ఏళ్ళ వయసులో ఇంజనీరింగ్ చివరి ఏడాదిలోనో వైద్య విద్యలోనో ఉన్న కుర్రవాడు జారిపోతాడు. 1948లో 21 ఏళ్ళకు మిల్లులో చేరి రెండు మూడేళ్ళ సర్వీసు ఉన్న కుర్రాళ్ళు మామూలు. ఇప్పుడు మన పిల్లలు 24 ఏళ్ళ దాకా చదువుతున్నారు. ఇళ్ళు మారాయి, అంకె మాత్రం 21 దగ్గరే ఉంది.

దీనిలో ఒక గొప్ప సంగతి కూడా ఉంది. 18,000 జీతమున్న పెళ్ళికాని కుర్రవాడు కట్టేదీ 135 రూపాయలే, ముగ్గురు పిల్లల తల్లి కట్టేదీ 135 రూపాయలే. పిల్లల సంఖ్య చందాను మార్చదు. ఈ రోజు ఆ కుర్రవాడి డబ్బు ఆమె బిడ్డకు మందు అవుతుంది. పదేళ్ళకు అతని బిడ్డకు ఇంకో కుర్రవాడి డబ్బు మందు అవుతుంది. సింగానల్లూరు ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి నడిచేది ఈ లెక్క మీదే. 2016లో అక్కడ వైద్య కళాశాల వచ్చింది. కోవిడ్ రోజుల్లో కోయంబత్తూరంతా ఆ ఆసుపత్రి వైపే చూసింది.

మదురై ఇచ్చిన జవాబు

మదురైలో ఇంకొక జవాబు పుట్టింది. కరిసల్ నేలలోని వడమలాపురంలో 1918లో పుట్టిన డాక్టర్ జి. వెంకటస్వామి, కీళ్ళవాతంతో వేళ్ళు వంకరపోయినా కంటి శస్త్రచికిత్స నేర్చుకుని, ప్రభుత్వ ఉద్యోగంలో 58 ఏళ్ళకు రిటైరయ్యారు. 1976లో తన తోబుట్టువుల కుటుంబాలతో కలిసి 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి మొదలుపెట్టారు. డబ్బు ఇచ్చేవారి నుంచి వచ్చిన మిగులుతో ఇవ్వలేనివారికి వైద్యం చేస్తారు. ఎవరు ఇవ్వగలరు, ఎవరు ఇవ్వలేరు అన్నది రోగే చెప్పుకుంటాడు. ఆదాయ సర్టిఫికెట్ అడగరు.

చందా లేదు, వయసు హద్దు లేదు, బిడ్డ ఎవరిమీద ఆధారపడ్డాడన్న విచారణ లేదు. అది కంటివరకు, ముఖ్యంగా శుక్లాల ఆపరేషన్ వంటి ఒకే రకం పని వేలసార్లు జరిగేచోట అద్భుతంగా నడిచింది. క్యాన్సర్‌కో, పుట్టుకతో వచ్చిన గుండె జబ్బుకో అలా నడపడం కష్టం. ఒక్కొక్క బిడ్డ ఖర్చు ఒక్కొక్క రకం.

ఆ పెద్ద జబ్బుల కోసం ఒక ఆలోచన మన తెలుగు నేల నుంచే వచ్చింది. 2007లో ఆంధ్రప్రదేశ్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. 2009లో తమిళనాడు కలైంజ్ఞర్ పేరుతో అటువంటి బీమా తెచ్చింది, 2012 నుంచి అది ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా పథకం. ఇందులో కుటుంబం చందా కట్టదు, ప్రభుత్వం కడుతుంది. అర్హత రేషన్ కార్డు, ఏడాది ఆదాయం మీద ఆధారపడుతుంది. పిల్లల హద్దు ఇక్కడ వేరు. ఉద్యోగం, పెళ్ళి, 25 ఏళ్ళ వయసు, ఈ మూడింట్లో ఏది ముందు వస్తే అంతవరకు. ఒకే కొడుకు ఇ.ఎస్.ఐ. లెక్కలో 21కే పెద్దవాడు, ఈ లెక్కలో 25 దాకా బిడ్డే.

అమెరికాలో ఉన్న మన పిల్లల ఖాతా

మనలో చాలామంది కొడుకులు, కూతుళ్ళు అమెరికాలో ఉన్నారు. వాళ్ళు ఫోనులో హెచ్.ఎస్.ఏ. అంటారు. అది ఆరోగ్య పొదుపు ఖాతా. 2003 చివర వచ్చిన చట్టంతో 2004 నుంచి అమల్లో ఉంది. అధిక డిడక్టిబుల్ ఉన్న, అంటే మొదటి ఖర్చులో పెద్ద భాగం మనమే భరించాల్సిన బీమా ఉన్నవారే ఇందులో డబ్బు వేయవచ్చు. వేసిన డబ్బుకు పన్ను లేదు, వైద్యానికి తీసినా పన్ను లేదు, ఏడాది చివర మిగిలినా పోదు.

తల్లిదండ్రులు గమనించాల్సిన మెలికలు ఇవి. ఒక్కరికే బీమా ఉంటే 2026లో 4,400 డాలర్ల దాకా, కుటుంబ బీమా ఉంటే 8,750 డాలర్ల దాకా వేయవచ్చు. ఒక్క బిడ్డ బీమాలో చేరినా కుటుంబ పరిమితే. భార్యాభర్తలిద్దరూ అర్హులైతే ఆ కుటుంబ మొత్తాన్ని ఇద్దరి ఖాతాల మధ్య పంచుకోవాలి, రెండింతలు వేయకూడదు. ఒకరి కంపెనీ ఇచ్చే మామూలు వైద్య ఎఫ్.ఎస్.ఏ. ఖాతా రెండోవారి ఖర్చులనూ భరించేదైతే, రెండోవారికి హెచ్.ఎస్.ఏ. అర్హత పోతుంది.

అసలు మెలిక వయసులో ఉంది. 2010 చట్టం వల్ల బిడ్డ 26 ఏళ్ళు నిండేదాకా తల్లిదండ్రుల బీమాలో ఉండవచ్చు. పన్ను లెక్కలో మాత్రం ఆధారపడిన బిడ్డ అంటే సాధారణంగా 19 లోపు, పూర్తికాలం విద్యార్థి అయితే 24 లోపు, శాశ్వత వైకల్యం ఉంటే ఏ వయసైనా. ఉద్యోగం చేస్తూ తండ్రి బీమాలోనే ఉన్న 25 ఏళ్ళ కూతురి ఆసుపత్రి బిల్లును తండ్రి హెచ్.ఎస్.ఏ. నుంచి కడితే పన్ను, జరిమానా పడతాయి. ఆ కూతురు తన పేరున వేరే ఖాతా తెరిచి, కుటుంబ పరిమితి దాకా వేసుకోవచ్చు. అందులో అమ్మానాన్నలు కూడా డబ్బు వేయవచ్చు. ఈ సంగతి తెలియక వదులుకుంటున్న ఇళ్ళు చాలా ఉన్నాయి.

మన దేశంలో ఇటువంటి పొదుపు ఖాతా లేదు. 80డి సెక్షన్‌గా మనకు అలవాటైన మినహాయింపు ఉంది, అదీ పాత పన్ను విధానంలో ఉన్నవారికే. మీరు, భార్య లేక భర్త, ఆధారపడిన పిల్లలు కలిపి బీమా ప్రీమియం 25,000 దాకా, తల్లిదండ్రులకు విడిగా 25,000, వాళ్ళు 60 దాటినవారైతే 50,000. గమనించండి, పిల్లలు ఆధారపడి ఉండాలి, తల్లిదండ్రులకు ఆ షరతు లేదు.

హెచ్.ఎస్.ఏ.కూ ఇ.ఎస్.ఐ.కీ తేడా ఒక్క మాటలో చెప్పవచ్చు. హెచ్.ఎస్.ఏ.లో నీ డబ్బు నీ బిడ్డకు. ఇ.ఎస్.ఐ.లో అందరి డబ్బు అందరి బిడ్డలకు. మొదటిది జీతం బాగా ఉన్న ఇంటికి మేలు, మిగిల్చినకొద్దీ పెరుగుతుంది. రెండోది రాబడి తక్కువ, పిల్లలెక్కువ ఉన్న ఇంటికి మేలు.

మన నిధికి వస్తే

ఈ చరిత్ర చూశాక మా అభిప్రాయం ఇది. ఒప్పుకోనివాళ్ళు కింద రాయండి, సమావేశంలో చెప్పండి.

ఇంటికి ఒకే చందా ఉండాలి. పిల్లల సంఖ్యను బట్టి పెంచకూడదు. పెంచితే అవసరం ఎక్కువ ఉన్న ఇల్లే ముందు తప్పుకుంటుంది.

బిడ్డ హద్దు 25 ఏళ్ళు, లేదా ఉద్యోగం, ఏది ముందయితే అది. పెళ్ళి అన్న మాట ఆ నియమంలో వద్దు. పెళ్ళయి వెళ్ళిన కూతురు కష్టంలో తిరిగొస్తే ఆమెను, ఆమె బిడ్డలను పుట్టింటి లెక్కలోనే రాయాలి. ఉమ్మడి పొయ్యి రోజుల్లో దయ మీద వదిలేసిన పని ఇది. లోపంతో పుట్టిన బిడ్డకు వయసు హద్దే వద్దు. ఆ తల్లిదండ్రులు పడుకునే ముందు రోజూ అనుకునే మాట ఒక్కటే, మా తర్వాత వీడికెవరు అని.

ఇ.ఎస్.ఐ. ఉన్న ఇంటికి ముందు ఇ.ఎస్.ఐ., ముఖ్యమంత్రి పథకం ఉన్న ఇంటికి ముందు ఆ పథకం, అక్కడ అందని ఖర్చుకే మన నిధి. పట్టడైలు, చిన్న దుకాణాలు, ఇంటి దగ్గర కుట్టుపని, వీటి మీద బతికే ఇళ్ళు ఇప్పటికీ పది మంది గీతకు బయటే ఉన్నాయి. మన నిధి మొదట చూడాల్సింది వాళ్ళనే.

ఒక జాగ్రత్త. చందా పుచ్చుకుని, జబ్బు చేస్తే ఇంత ఇస్తామని హామీ ఇస్తే అది బీమా వ్యాపారమవుతుంది, దానికి అనుమతి కావాలి. మనది సహాయ నిధిగానే ఉండాలి, లేదా లైసెన్సు ఉన్న కంపెనీ దగ్గర సభ్యులందరికీ గ్రూపు పాలసీ తీసుకోవాలి. దీన్ని ఆడిటరుతో, వకీలుతో మాట్లాడాకే రాసుకుందాం.

అంతవరకు ప్రతి ఇంట్లో ఈ వారం చేయగలిగిన పని ఒకటి ఉంది. ఇ.ఎస్.ఐ. కార్డు తీసి, అందులో పిల్లలందరి పేర్లూ ఉన్నాయో లేదో చూడండి. పోయిన ఏడాది పుట్టిన పాప పేరు చాలా కార్డుల్లో ఉండదు. 20 దాటిన కొడుకు ఉంటే అతని 21వ పుట్టినరోజు లోపల వేరే పాలసీ చూసుకోండి. అమెరికాలో ఉన్న పిల్లలకు పైన రాసిన 24, 26 ఏళ్ళ తేడా చదివి వినిపించండి. మదురై వైపు సభ్యులు తమ ఊళ్ళలో ఇ.ఎస్.ఐ. లేని ఇళ్ళ సంఖ్య రాసి పంపితే, వచ్చే సమావేశంలో అంకెలతో మాట్లాడుకోవచ్చు.